రెండు ఎనిమిదులా, ఒక పదహారా

కళ్యాణి బిగించిన కంప్యూటర్ ఏదైనా సరే, పక్క రేకు విప్పి చూస్తే లోపల ఒక ఖాళీ కనబడుతుంది. ర్యామ్ పెట్టే స్లాట్లు రెండుంటే, ఒకదాంట్లో సన్నటి మెమరీ పలక నిలబడి ఉంటుంది. రెండోదాని మీద దుమ్ము పడకుండా కాగితపు టేపు ముక్క అంటించి ఉంటుంది. మారతహళ్ళి వంతెన దాటాక లోపలికి తిరిగే సందులో, మొదటి అంతస్తులో, ఒక్క కిటికీ ఉన్న ఆమె షాపు నుంచి పద్దెనిమిదేళ్ళుగా మెట్లు దిగి వెళ్ళిన ప్రతి మిషన్‌లోనూ ఆ ఖాళీ ఉంది.

ఆ అలవాటు నాన్న నుంచి వచ్చింది. తిరుపాలు హిందూపురం పక్క పల్లె నుంచి బెంగళూరు వచ్చి కడ్డీలు కట్టే పని చేశాడు. ఏ ఇంటికి స్లాబు వేసినా స్తంభాల తలల మీద నాలుగేసి కడ్డీలు ఆకాశంలోకి వదిలేసేవాడు. "అవెందుకు నాయనా?" అని కూతురు అడిగితే, "పై అంతస్తుకు పాపా. ఇప్పుడు లేదు, రేపు వస్తాది" అనేవాడు. వాళ్ళుండే రేకుల గదికి పై అంతస్తు లేదు. కింది నేల కూడా వాళ్ళది కాదు. అయినా పొద్దు వాలేవేళ ఊరంతా ఆ తుప్పు కడ్డీలు వేళ్ళలా పైకి లేచి, కనబడని దేన్నో తడుముతున్నట్టు ఉండేవి. ఎవరి ఇంట్లోనైనా రేపటికి కొంచెం చోటు వదలాలని ఆ పిల్ల అలా నేర్చుకుంది.

పంతొమ్మిదో ఏట ఎలక్ట్రానిక్ సిటీలో బోర్డులు తయారుచేసే లైనులో చేరింది. హెబ్బగోడిలో నలుగురు ఆడపిల్లలకు ఒక గది, రోజుకు ఎనిమిది గంటలు తెల్లటి దీపం కింద కూర్చోవడం. వడ్లగింజంత భాగాలను పట్టకారుతో తీసి వాటి చోట్లలో పెట్టడం. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల కూడా పచ్చటి బోర్డులే కదిలేవి. ఆ తర్వాత ఒక రిపేరు షాపులో నాలుగేళ్ళు, ఆ తర్వాత ఈ సొంత షాపు. టైపింగ్ సెంటర్లు, బిల్లులు కొట్టే దుకాణాలు, చిన్న ఆఫీసులు ఆమెకు వాడుక. అందరికీ ఒకే పెద్ద ర్యామ్ పెట్టి రెండో చోటు వదిలేది. రెండేళ్ళకో మూడేళ్ళకో వాళ్ళు మళ్ళీ మెట్లెక్కి వచ్చి ఆ చోటు నింపించుకునేవాళ్ళు. కళ్యాణి మిషన్ బాగాలేదని మాత్రం ఎవరూ ఎక్కి రాలేదు. ఆ సందులో ఆమె పేరు అంటే అదే.

శనివారం మధ్యాహ్నం హరిణి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఊరు వనపర్తి, బెళ్ళందూరులో ఉద్యోగం, ఇదే సందు చివరి పీజీ హాస్టల్లో గది. కుర్చీ అంచున కూర్చుని, వంట మనిషికి కొలతలు చెప్పినట్టు, తనకేం కావాలో గబగబా చెప్పింది.

ఐదుగురు ఆడవాళ్ళు కలిసి ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడే జట్టు ఒకటుంది. అందులోకి తీసుకుంటారేమోనని రెండు వారాల కింద పరీక్ష ఇచ్చింది. సరిగ్గా గురి పెట్టిన క్షణాన పాత లాప్‌టాప్‌లో బొమ్మ గడ్డకట్టింది. గోడ ముందు కదలకుండా నిలబడిపోయిన ఆమెను ఎవరో తీరిగ్గా వచ్చి కాల్చి పోయారు. జట్టువాళ్ళు దయతలచి ఇంకొకసారి రమ్మన్నారు. ఆదివారం, నాలుగు గంటలకు. మూడోసారి ఉండదు.

"గేమింగ్ సెంటర్లకు పోదామంటే జట్టువాళ్ళు పెట్టమన్న, దొంగాట పట్టే చెకింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించనిస్తలేరక్కా. సొంతది కావాలె. కానీ బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు కొనేంత పైసల్లేవు. ప్రాసెసర్ లోపలే గ్రాఫిక్స్ ఉంటది కదా, దాంతోని నడిపిద్దామనుకుంటున్న."

"నడుస్తాది. ప్రాసెసర్, బోర్డు నా దగ్గరే ఉండాయి. ర్యామ్ ఫయాజ్ దగ్గర తెప్పిస్తా. పదహారు జీబీది ఒకటి."

హరిణి ఫోన్‌లో ఏదో వెతికి, మళ్ళీ ఫోన్ బోర్లించింది. "అక్కా, ఎనిమిది ఎనిమిది రెండు పెడితే మంచిదంటున్నరు. కార్డు లేనోళ్ళకైతే మరీ."

"ఎవురు అంటుండారు?"

"నెట్‌ల."

"నెట్‌లో ఉండేవాళ్ళు రేపు స్క్రూడ్రైవర్ పట్టుకోని వస్తారా పాపా?" కళ్యాణి నవ్వింది. "ఎనిమిదీ ఎనిమిదీ ఎంత?"

"పదహారే."

"మల్లేమి? రెండు స్లాట్లూ ఇప్పుడే నింపేస్తే, రేపు ఇంకా కావల్లంటే యాడ పెడతావు? పీకి పారేయల్ల. ఈ ఏడు ర్యామ్ దొరికేదే కష్టంగా ఉండాది, పారేసేంత ఉండాదా నీ దగ్గర?"

హరిణి బోర్లించిన ఫోన్ వైపు ఒకసారి చూసి, తల ఊపింది. అది ఒప్పుకోవడం కాదని, పెద్దామె మాట తీసేయలేకపోవడమని కళ్యాణికి ఆ రోజు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఫోన్‌లో విడిభాగాలు అమ్మే ఫయాజ్ ఎప్పటిలాగే ఊపిరాడనట్టు మాట్లాడాడు. "అక్కా, పదహారుది ఒకటుంది, ఎనిమిదుల జత ఒకటుంది. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండడం లేదు. ఏది పంపించేది, ఇప్పుడే చెప్పల్ల."

"పదహారు" అంది కళ్యాణి. ఆ మాట అనడానికి ఆమెకు ఒక్క రెప్పపాటు కూడా పట్టలేదు.

ఆదివారం ఒంటిగంటన్నరకు మిషన్ బిగింపు పూర్తయింది. రెండు గంటలకు ఆట తెరుచుకుంది. హరిణి హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని, మౌస్ మీద చేయి పెట్టి, తెర పైమూల చూపించింది. "ఆ నంబర్ చూడక్కా. సెకనుకు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేమ్స్, పడుతున్నయో అది. అరవై కన్న పైన నిలవాలె. కిందికి పడితే నా పని అయినట్టే."

నంబర్ నలభై ఒకటి దగ్గర మొదలైంది. హరిణి తెరలోని వీధిలో నడిచింది. ముప్పై ఎనిమిది. మూల తిరిగింది. ఇరవై తొమ్మిది. ఎక్కడో పొగ లేచింది, పంతొమ్మిది. తెరమీది లోకం వానలో తడిసిన సినిమా పోస్టరులా ముక్కలు ముక్కలుగా ఊడి కదిలింది.

"డ్రైవర్ పాతది అయుండల్ల" అంది కళ్యాణి. కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. నలభై రెండు. "వేడెక్కుతా ఉండాదేమో." ప్రాసెసర్ మీది ఫ్యాన్ విప్పి, వేడి లాగే పేస్టు తుడిచి, మళ్ళీ పూసి బిగించింది. నలభై ఒకటి. ఆటలో చెట్ల నీడలు తీసేసింది, గోడల మెరుపు తీసేసింది, నీళ్ళ కదలిక తీసేసింది. లోకం బోసిపోయింది గానీ నంబర్ యాభై దాటలేదు. పొగ లేస్తే మళ్ళీ అదే గడ్డకట్టడం.

గోడ గడియారంలో రెండూ యాభై అయింది.

"అక్కా" అంది హరిణి మెల్లగా. "ఆ రెండు ర్యాములు..."

"కాదన్నా కదా!"

గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా లేచింది. హరిణి కుర్చీ చేతి మీద చిరిగిన రెగ్జిన్‌ను గోరుతో గీకుతూ కూర్చుంది. ఆ చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, కింద సందులో స్కూటర్ల చప్పుడు.  పద్దెనిమిదేళ్ళ పేరు ఆ మూల నంబర్‌లో ఊగుతోంది. అంతకంటే చెడ్డ సంగతి, ఆ పిల్ల తనను తిట్టడం లేదు. నాలుగు గంటలకు ఏమవుతుందో ముందే చూసేసినట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుంటోంది.

కళ్యాణి బోర్డు మీదికి వంగింది. ఏమి చూడాలో తెలియక, లైనులో కూర్చున్న రోజుల్లో చూసినట్టు, ఒక మూల నుంచి ఇంకో మూలకు ఒక్కొక్క భాగమే చూసుకుంటూ పోయింది. అప్పుడు కొన్నాళ్ళు గ్రాఫిక్స్ కార్డుల లైను మీద కూడా చేసింది. ఆ కార్డు నడుమ ఒక పెద్ద చిప్పు, దాని చుట్టూ పంక్తి భోజనానికి కూర్చున్నట్టు ఎనిమిది నల్లటి చిన్న చిప్పులు. వాటిని తన చేత్తోనే పెట్టింది. ఏమిటవి? మెమరీ. ఆ పెద్ద చిప్పుకు సొంత మెమరీ, చేయి చాపితే అందేంత దగ్గర.

మరి ఈ ప్రాసెసర్ లోపలున్న గ్రాఫిక్స్‌కు?

దాని పక్కన ఎవరూ లేరు. దానికి సొంతంగా చెంచాడు మెమరీ కూడా లేదు. ప్రతి బొమ్మకూ అది ర్యామ్ దాకా పోయి తెచ్చుకోవాలి. ప్రాసెసర్ కూడా తన పనికి అదే దారిన పోవాలి. రెండు స్లాట్లకు రెండు దారులు. అందులో ఒకదాని మీద తానే టేపు అంటించింది. బిల్లులు కొట్టేవాళ్ళకు ఒక దారి చాలు, వాళ్ళకు తేడా తెలియదు. ఆటలాడేవాళ్ళు ఇన్నేళ్ళూ కార్డు తెచ్చుకునేవాళ్ళు, వాళ్ళకూ తెలియలేదు. కార్డు లేకుండా ఆట ఆడతానన్న మనిషి ఈ మెట్లెక్కడం ఇదే మొదలు.

ఎంత పెద్ద ర్యామ్ అన్నది కాదు, ఎన్ని దారులు అన్నది లెక్క. ఆ పిల్ల నిన్ననే చెప్పింది.

మూడూ ఐదు. ఫయాజ్‌కు ఫోన్ చేసింది. "పెళ్ళిలో ఉండా అక్కా, కోలారులో. షాపు రేపు పదికే" అన్నాడు. వెనక బ్యాండు మోగుతోంది.

షాపులో తన బల్ల మీది కంప్యూటర్‌లో ఒక ఎనిమిది ఉంది. పదహారు పక్కన ఎనిమిది పెడితే జత సమంగా కుదరదు, ఎక్కడ తడబడుతుందో చెప్పలేం. ఈ రోజు అలాంటిది నమ్మడానికి లేదు. ఇంకొక ఎనిమిది కావాలి. అది ఎక్కడుందో ఆమెకు తెలుసు. రెండేళ్ళ కింద తనే పెట్టింది. కింద, పార్వతమ్మ జెరాక్స్ షాపులో.

తన ఎనిమిదిని ఊడదీసి బల్ల మీద పెట్టి, హరిణి మిషన్ నుంచి పదహారును తీసి కొంగులో పట్టుకుని మెట్లు దిగింది. ఆదివారమైనా పార్వతమ్మ షాపు ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. హాల్‌టికెట్లు, ఆధార్లు, అద్దె కాగితాలు. పార్వతమ్మ ఒక చేత్తో కీబోర్డు కొడుతూ ఇంకో చేత్తో కాగితాలు అందిస్తోంది. మదనపల్లె మనిషి, నోటికి బ్రేకు లేదని సందులో పేరు.

"పార్వతక్కా, నీ మిషన్ ఐదు నిమిషాలు ఆపల్ల."

"ఏమే, నీకు మతి గాని తప్పినాదా? జనం కనబడలేదా?"

"దాంట్లో ఉండే ఎనిమిది నాకు కావల్ల. దానికి బదులు ఈ పదహారు పెడతా. నీకు లాభమే."

పార్వతమ్మ చేతులు ఆగాయి. కళ్ళజోడు పై నుంచి చూసింది. "లాభం ఊరికే ఇచ్చే మనిషివి కాదే నువ్వు. ఏం జరిగినాది?"

వరసలో ముందున్నాయన ముసలి మల్లయ్య, అతని కొడుకు టైపింగ్ సెంటర్‌లో ఆరు మిషన్లూ కళ్యాణి బిగించినవే. మల్లయ్య వెనక నిలబడ్డ మెడికల్ షాపు ఆమె బిల్లింగ్ మిషనూ అంతే. అందరూ ఇటే చూస్తున్నారు.  పైన నాలుగు గంటల వైపు నడుస్తున్న గడియారం చప్పుడు ఇక్కడికి వినబడదు, అయినా వినబడింది.

"పైన ఒక పాప ఉండాది. ఆట పరీక్ష, నాలుగింటికి. ఆ పాప రెండు ఎనిమిదులు పెట్టమంటే, నేను వినకుండా ఒక పదహారు పెట్టినా." కొంగులోని పదహారు తీసి చూపించింది. "తప్పు నాదే అక్కా."

 మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. "అట్లయితే మా పిల్లోని మిషన్లు కూడా...?"

"మీవి బాగుండాయన్నా. టైపింగుకు ఒకటి చాలు."

"నాదీ?" అంది పార్వతమ్మ.

"నువ్వు ఆటలాడవు కదక్కా."

"ఎవురు చెప్పిరి? పొద్దుపోకపోతే ముక్కలాట ఆడతా." అంటూనే పార్వతమ్మ ఫైళ్ళన్నీ మూసేసింది. వరస వైపు తిరిగి, "కరెంటు పోయినాది అనుకోండప్పా, స్వల్ప సేపు నిలబడండి" అని కేకేసి, స్విచ్చి ఆపింది. "బేగ కానీ. ఇది మళ్ళీ లేవకపోతే మటుకు ఈ కాగితాలన్నీ నీ చేత చేత్తో రాయిస్తా."

లేచింది. తెర వెలగగానే కళ్యాణి మెట్ల మీద ఉంది, పిడికిట్లో ఎనిమిది.

మూడూ ఇరవై ఎనిమిది. టేపు పీకింది. రెండు పలకలూ రెండు స్లాట్లలో పెట్టి, రెండు చివరలూ బొటనవేళ్ళతో నొక్కింది. టక్, టక్. స్విచ్చి వేసింది.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉంది.

ఆపి మళ్ళీ వేసింది. నలుపు. రెండూ వేరువేరు కంపెనీలవి, ఒకటి ఉరకాలంటుంది, ఇంకొకటి నడవాలంటుంది, బోర్డుకు ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఇంకోసారి. నలుపు. ఆ నలుపులో ఇద్దరి ముఖాలూ కనబడుతున్నాయి, వెనక కిటికీలో ఎండ.

"అక్కా, మూడూ ముప్పై ఆరు."

"తెలుసు పాపా. సుమ్నే, గమ్మున ఉండు."

అని, వెంటనే, "కాదు, ఉండొద్దు. నెట్‌లో చూడు. రెండు రకాల ర్యాములు పెడితే తెర రాకుంటే ఏం చెయ్యల్లంటుండారో చదువు" అంది.

హరిణి తలెత్తి చూసింది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమె కళ్ళు నేరుగా కళ్యాణి కళ్ళలోకి వచ్చాయి. వేళ్ళు ఫోన్ మీద పరుగెత్తాయి. "బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ ఉంటదట. అది తీసి, కరెంటు పీకి, జరసేపు ఆగి పెట్టమంటున్నరు. పాత సెట్టింగులు మర్చిపోతదట. తర్వాత స్పీడు, రెండిట్ల ఏది తక్కువుంటె అది మనమే పెట్టాలె."

బ్యాటరీ కళ్యాణి అరచేతిలో పడింది. ఇద్దరూ గడియారం చూస్తూ నిలబడ్డారు. రెండు నిమిషాలు గడిచాయి. బ్యాటరీ పెట్టింది. వైరు పెట్టింది. స్విచ్చి.

నలుపు. నలుపు. తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలైంది. నలుపు.

తర్వాత, నిద్రలో పిలిస్తే పలికినట్టు, తెర మీద తెల్లటి అక్షరాలు.

హరిణి కుర్చీలోంచి లేచింది. కళ్యాణి లేవలేదు. స్పీడు తక్కువకు దించి, భద్రం చేసి, నడవనిచ్చింది. మూడూ నలభై తొమ్మిదికి ఆట తెరుచుకుంది. మూల నంబర్ అరవై ఆరు. వీధి మలుపులో అరవై మూడు. పొగలో అరవై ఒకటి. అరవై ఒకటి దగ్గర అది ఊగింది, ఊగింది, కిందికి దిగలేదు.

మిషన్‌ను గదికి మోసుకుపోయే సమయం లేదు. నాలుగు గంటలకు హరిణి అక్కడే, చిరిగిన కుర్చీలో, హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని ఆ వీధిలోకి దిగింది. అక్కడ ఎవరు ఎవరో కళ్యాణికి తెలియదు. ఎవరు ఎవరిని కాలుస్తున్నారో తెలియదు. ఆమె మూల నంబర్‌నే చూస్తూ కూర్చుంది, పసిపిల్ల జ్వరం చూస్తున్నట్టు.

మొదటి ఆట ఓడిపోయారు. హరిణి హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి జరిపింది. కళ్యాణి మూల నంబర్ వైపు వంగింది.

"మళ్ళీ ఆగినాదా?"

"లేదక్కా. అది నా తప్పే. తొందరపడి ముందుకు పోయిన." అని, ఎందుకో నవ్వింది. నిన్నటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. మిషన్ తప్పు కాకుండా, తన తప్పు వల్ల ఓడిపోవడంలో కూడా ఒక హాయి ఉంటుందని కళ్యాణి అప్పుడే చూసింది.

రెండో ఆట గెలిచారు. మూడోది ఎంతసేపటికీ తెగలేదు. కింద జనం పల్చబడ్డారేమో, పార్వతమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమైనాది?" అంది, ఆమెకు చేతనైనంత మెల్లగా. కళ్యాణి పెదవుల మీద వేలు పెట్టింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక తెర. ఎండ కిటికీ దాటి గోడెక్కింది.

ఐదూ పది. తెర మీద పేర్ల పట్టిక వచ్చి నిలిచింది. హరిణి హెడ్‌ఫోన్‌లో ఎవరో చాలాసేపు మాట్లాడారు. ఆమె "ఓకే" అంది. కాసేపాగి, "ఓకే, నో ప్రాబ్లెమ్" అంది. ఇంకా ఆగి, "ట్యూస్‌డే, సిక్స్" అంది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. 

"చెప్పమ్మే!" అంది పార్వతమ్మ.

"తీసుకున్నరు. ఐదుగురిల కాదు, రిజర్వ్‌ల. ఎవరన్న రాకుంటే నేను ఆడాలె. మంగళవారం నుంచి ప్రాక్టీస్." గొంతు సగం సంతోషం, సగం ఇంకేదో. "నీ ఫ్రేమ్స్ ఈసారి స్టెడీగున్నయి అన్నరు."

"రిజర్వ్ అంటే తక్కువా?" అంది కళ్యాణి.

"తక్కువే అక్కా. కానీ లోపలికి వచ్చినట్టే."

"వస్తే చాలుబో, కూచునే చోటు తర్వాత చూసుకోవచ్చు" అంటూ పార్వతమ్మ మెట్లు దిగింది. సగం మెట్ల నుంచి మళ్ళీ గొంతు వచ్చింది. "నా పదహారు మటుకు నేను ఇయ్యను, చెప్తా ఉండా!"

కళ్యాణి మిషన్ ఆపి, బల్ల సొరుగులోంచి ఆర్డర్ల పుస్తకం తీసింది. పెన్ను గీసి చూసింది, పడింది. "ఆ అతుకుల జతతో నిన్ను పంపను. రేపు పదింటికి ఫయాజ్ షాపు కాడ ఉంటా. సాయంత్రానికి నీ గదిలో ఉంటాది నీ మిషన్." పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుంది. "ఏది పెట్టల్లో నువ్వు చెప్పు పాపా. నేను రాసుకుంటా."

హరిణి కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "రెండు అక్కా. ఒకే డబ్బాల వచ్చిన జత. ఎనిమిది, ఎనిమిది. స్పీడు..."

"మెల్లగ" అంది కళ్యాణి, రాస్తూ.